మిన్నెసోటా ముసురులో పళ్ళెం ఆట

మిన్నెసోటా రాష్ట్రంలో ఏప్రిల్ నెలను వసంతకాలమని కేలండరు చెబుతుంది గాని నేల ఒప్పుకోదు. మన పల్నాడులో ఎండలు ముదిరి పశువులను చెట్ల నీడకు తోలే రోజులలో అక్కడ చెట్లకు చిగురైనా కనబడదు. పొలాల గట్ల వెంట మురికిపట్టిన మంచు కుప్పలు కరగక మిగిలి ఉంటాయి. 2018లో ఏప్రిల్ నడిమిన మూడు రోజులు మంచు తుఫాను పట్టి మినియాపోలిస్ నగరంలో అడుగుకు పైగా మంచు కురిసిందట. మేమిద్దరము 2022 ఏప్రిల్‌లో అక్కడున్నాము. ఆ సంవత్సరం మంచు అంతగా లేదు. దాని బదులు వాన, గాలి, వానలో కలిసిన మంచు పలుకులు.

మేము పదవీ విరమణ చేసిన భార్యాభర్తలము. మాలో ఒకరు బడిపంతులు, ఒకరు మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసినవారు. మా అమ్మాయి, అల్లుడు గారు మినియాపోలిస్ శివార్లలో కాపురముంటున్నారు. మనవరాలు అక్కడికి దూరాన ఒక చిన్న కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నది. అమెరికా వెళ్ళి వచ్చామంటే బంధువులు నయాగరా జలపాతం ఫోటోలు చూపమంటారు. మేము చూపగలిగినవి బురద ఫోటోలు. ఆ బురద సంగతే ఇప్పుడు వ్రాస్తున్నాము.

మినియాపోలిస్ నుండి దక్షిణంగా అరవై అయిదు కిలోమీటర్ల దూరాన నార్త్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణమున్నది. ఊరి నడుమ కానన్ నది పారుతుంది. నది ఒడ్డున పాత పిండి మిల్లు ఉన్నది. ఊళ్ళో అడుగుపెట్టగానే గోధుమలు వేయించినట్టు, జావ కాచినట్టు కమ్మని వాసన వస్తుంది. ఉదయం పూట పాలలో వేసుకొని తినే ధాన్యపు ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీ అక్కడున్నందున ఆ వాసన. ఊరి బోర్డు మీద "ఆవులు, కళాశాలలు, సంతృప్తి" అని అర్థం వచ్చే మాటలు వ్రాసుకొన్నారు. ఇంతకన్న పెద్ద ఊళ్ళు ఎన్నో చూశాము గాని, ఆవులను ముందు పెట్టి కళాశాలలను వెనుక పెట్టిన ఊరు మరొకటి చూడలేదు.

ఆ ఊరికొక కథ ఉన్నది. 1876 సెప్టెంబరు 7న జెస్సీ జేమ్స్ ముఠా అక్కడి బ్యాంకు మీద పడింది. ఆ రోజు క్యాషియరు పని చూస్తున్న జోసెఫ్ లీ హేవుడ్ ఇనుప గది తెరవనన్నాడు. దొంగలు అతనిని కాల్చి చంపారు గాని కోరివచ్చిన సొమ్ము దక్కలేదు. వీధిలో ఊరివారే తుపాకులు పట్టి దొంగలను తరిమారు. ఆ బ్యాంకు గది ఇప్పుడు మ్యూజియము. దొంగల పేరు లోకమంతటికీ తెలుసు, హేవుడ్ పేరు ఆ ఊరు దాటితే ఎవరికీ తెలియదు. ఇది మాకు నచ్చలేదు.

కళాశాలలు రెండు. కార్లటన్ కళాశాలను 1866లో కాంగ్రిగేషనల్ సంఘాలవారు స్థాపించారు. సెయింట్ ఓలఫ్ కళాశాలను 1874లో నార్వే నుండి వలస వచ్చిన లూథరన్ రైతు కుటుంబాలవారు, వారి పాదిరి మూస్ గారు కలిసి మొదలుపెట్టారు. లూథరన్ అనగానే మా గుంటూరు వారికి ఒక మాట గుర్తుకు రాక మానదు. 1842లో గుంటూరుకు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు 1857లో అమెరికాకు తిరిగి వెళ్ళిన తరువాత పనిచేసిన చోటు ఈ మిన్నెసోటాయే. 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడుకు ఆయనే మొదటి అధ్యక్షుడు. తిరిగి 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయస్సులో, రాజమండ్రికి వచ్చారు. పల్నాటి ఎండను, ఈ మంచు నేలను రెండింటినీ ఒక ముసలాయన శరీరం ఎలా ఓర్చుకొన్నదో అని ఆ చలిలో నిలబడి ఆశ్చర్యపడ్డాము.

మేము నార్త్‌ఫీల్డ్ వెళ్ళింది మ్యూజియము కొరకు కాదు. ఊరి అంచున ఉన్న మైదానాలలో మా మనవరాలి కాలేజీ జట్టు పళ్ళెం ఆట ఆడుతున్నది. మే నెలలో జరిగే ప్రాంతీయ పోటీలకు వెళ్ళాలంటే ముందు ఇక్కడ నెగ్గాలి. జట్టుకు మనవరాలే కెప్టెను. ఇది ఆమెకు చివరి అవకాశం.

ఈ ఆటను అక్కడ అల్టిమేట్ అంటారు. ఆడే వస్తువు ఫ్రిస్బీ అనే ప్లాస్టిక్కు పళ్ళెం. అన్నం తినే కంచమంత, అంటే ఇరవై ఏడు సెంటీమీటర్ల వెడల్పు, 175 గ్రాముల బరువు ఉంటుంది. పేరు వెనుక కూడా ఒక వంటింటి కథ ఉన్నది. కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రిస్బీ అనే ఇంటిపేరు గల బేకరీవారు తియ్యని రొట్టెలను రేకు పళ్ళాలలో పెట్టి అమ్మేవారు. తిన్న తరువాత విద్యార్థులు ఆ ఖాళీ పళ్ళాలను విసురుకొని ఆడేవారు. 1957లో ఒక ఆటబొమ్మల కంపెనీ ప్లాస్టిక్కు పళ్ళెం అమ్మకానికి తెచ్చి ఆ పేరే పెట్టింది. దానిని రూపొందించిన మోరిసన్ కూడా మొదట తనకు కాబోయే భార్యతో కలిసి పాప్‌కార్న్ డబ్బా మూతను, తరువాత కేకు పళ్ళాన్ని విసిరి ఆడినవాడే.

జట్టుగా ఆడే ఆట 1968లో న్యూజెర్సీ రాష్ట్రంలోని కొలంబియా హైస్కూలు పిల్లలు కల్పించుకొన్నది. రాత్రిళ్ళు కార్లు నిలిపే స్థలంలో ఆడేవారట. 1972 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయాల నడుమ మొదటి కాలేజీ పందెం జరిగింది. రట్గర్స్ 29, ప్రిన్స్టన్ 27. ఇప్పుడు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కూడా ఈ ఆటను గుర్తించింది. మన దేశంలో చెన్నై, బెంగుళూరు, అహ్మదాబాదు నగరాలలో జట్లున్నాయి.

ఆట తీరు చెప్పాలి. మన ఆడపిల్లల బడులలో రబ్బరు రింగుతో ఆడే టెన్నికాయిట్ చూసినవారికి విసరడం, పట్టుకోవడం కొత్తగా ఉండదు. అయితే ఇక్కడ వల ఉండదు, మైదానం వంద మీటర్ల పొడవు. జట్టుకు ఏడుగురు. పళ్ళెం చేత పట్టినవారు పరుగెత్తరాదు. ఒక కాలు నేలకు నాటి, పది లెక్కపెట్టే లోపల మరొకరికి విసరాలి. ఎదుటి పిల్ల ముఖం ముందు నిలబడి ఆ అంకెలను బిగ్గరగా చదువుతుంటుంది. పళ్ళెం నేల తాకితే అది ఎదుటి జట్టుదే. మైదానం కొసన గీసిన పెట్టెలో పట్టుకొంటే ఒక పాయింటు.

ఇక మమ్మల్ని ఎక్కువ ఆకర్షించిన సంగతి. ఈ ఆటకు రిఫరీ లేడు. పెద్ద పోటీలలో పరిశీలకులుంటారట గాని మేము చూసిన ఆటలో ఎవరూ లేరు. తోసినవారు తోశామని, గీత దాటినవారు దాటామని తామే చెప్పాలి. అభిప్రాయం కలవకపోతే ఇద్దరూ నిలబడి మాట్లాడుకోవాలి. అప్పటికీ కలవకపోతే పళ్ళెం వెనుకకు, విసిరిన పిల్ల చేతికి పోతుంది. గ్రామ పంచాయితీలు చూసిన మాకు ఇది సాగుతుందంటే నమ్మకం కుదరలేదు. పొలం గట్టు కొరకు అన్నదమ్ములు కోర్టుకెక్కే లోకంలో గెలుపు ఓటములున్న ఆటను ఆడేవారి మాట మీద వదిలిపెట్టడమా?

శనివారం ఉదయం ఎనిమిదింటికి మైదానం చేరాము. రెండు మూడు డిగ్రీల చలి. వాన నిలువుగా పడడం లేదు, పడమటి నుండి అడ్డంగా కొడుతున్నది. మైదానానికి ఆ కొసన మోకాలెత్తు పాత మంచు. డేరా ఎగిరిపోకుండా నాలుగు కాళ్ళకూ నీళ్ళ డబ్బాలు కట్టారు. ఆ పిల్లల సిద్ధపాటు చూడవలసిందే. మేజోళ్ళ మీద బ్రెడ్డు పొట్లాల ప్లాస్టిక్కు సంచులు తొడిగి, ఆ పైన బూట్లు వేసుకొన్నారు. జేబుల్లో చిన్న చిన్న పొట్లాలు పెట్టుకొన్నారు. వాటిలో ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు ఉంటాయట. పై కవరు చింపితే గాలి తగిలి ఇనుము తుప్పు పడుతూ గంటల తరబడి వేడినిస్తుంది. మన ఇంట్లో తుప్పు నాగలిని పాడుచేస్తుంది, అక్కడ చేతులు కాస్తున్నది.

తడిసిన పళ్ళెం సబ్బు బిళ్ళలాగా జారుతుంది. అందుచేత ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి క్రింద పెట్టి చప్పట్లు కొట్టినట్టు పట్టుకోవాలి. దీనిని వారు అట్టు పట్టు అంటారు. గాలి సంగతి ఇంకా చిక్కు. పళ్ళెం గిరగిర తిరగడం వలన ఒరగకుండా నిలిచి, గాలి మీద తేలిపోతుంది. ఆ గాలే ఈదురుగాలియైతే, ముందు అంచు కొంచెం పైకి లేచినా చాలు, పళ్ళెం గాలిపటంలాగా లేచి వెనుకకు వస్తుంది. అంచు దించితే నేలకు కొట్టుకొంటుంది. పాయింటు వచ్చిన ప్రతిసారీ జట్లు దిక్కు మారుతాయి. గెలిచినవారు ఆ కొస నుండి ఎదుటివారికి విసిరి ఇస్తారు. కాబట్టి గాలి వాటున ఒకరు పాయింటు చేస్తే, తరువాత గాలి వాటు రెండవవారిదౌతుంది. ఇలా చెరొకటి చొప్పున సాగుతుంది. ఎవరైనా పళ్ళెం లాక్కొని ఎదురుగాలిలో ఒక్క పాయింటు చేయగలిగితే ఆట వారి చేతికి వస్తుంది. ఈ లెక్క అర్థమయ్యాక మాకు ఆటలో రుచి పుట్టింది. ఏటికి ఎదురీదే పడవవాడు దూరం చూడడు, తెడ్డు తరువాత తెడ్డు వేస్తాడు. ఎదురుగాలిలో ఆ పిల్లలు అయిదారు అడుగుల దూరాన ఒకరికొకరు అందిస్తూ ముందుకు జరగడం అలాగే ఉన్నది.

మనవరాలి జట్టు పదిమందితో వచ్చింది. పెద్ద కాలేజీల జట్లు ఇరవై మందితో వస్తాయి. అక్కడి కార్లటన్ కళాశాలలో చదివేవారు రెండు వేల మందే అయినా, వారి మగపిల్లల జట్టు 2001, 2009, 2011, 2017 సంవత్సరాలలో జాతీయ విజేత అయింది. ఆడపిల్లలు 2000లోనే గెలిచారు. మనవరాలి కాలేజీకి అలాంటి చరిత్ర లేదు. మొదటి ఆట ఓడారు, రెండవది గెలిచారు. ఒక పిల్లకు చీలమండ బెణికింది. తొమ్మిదిమంది మిగిలారు. ప్రాంతీయ పోటీలకు పోవాలంటే మూడవది గెలిచి తీరాలి.

మూడవ ఆట సగంలో ఉండగా డేరా క్రింద కూర్చున్న ఒక పిల్ల మీద మాలో నర్సు అయినవారి చూపు పడింది. పొడుగు పిల్ల, దూరం విసరడంలో జట్టుకు ఆమె కుడి భుజం. అంతవరకు గడగడ వణికిన పిల్ల వణకడం మానేసింది. పెదవులు నీలం. ఇంగ్లీషు మాకు అంతంత మాత్రమే అయినా, మాట ముద్దగా వస్తున్నదని తెలిసింది. కోటు బొత్తాము పెట్టుకోలేక వేళ్ళు తడబడుతున్నాయి. "నేను బాగున్నాను, తరువాత నేనే ఆడతాను" అంటున్నది.

మన ప్రాంతంలో వడదెబ్బ తెలియనివారు లేరు. ఎండలో పనిచేసిన మనిషికి చెమట పోస్తున్నా వడదెబ్బ తగలవచ్చు. చెమట ఆగి ఒళ్ళు పొడిగా కాలుతుంటే, మాట తడబడితే, ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. ఇక్కడ చెమటకు బదులు వణుకు. వణుకు కూడా శరీరం చేసే పనే, వేడి పుట్టించుకోవడానికి కండరాలు పడే కష్టం. అది ఉన్నట్టుండి ఆగిందంటే చలి తగ్గినట్టు కాదు, శరీరం చేతులెత్తేసినట్టు. ముప్పై ఏళ్ళు వడదెబ్బ కేసులు చూసిన కన్ను చలిదెబ్బను ఆ విధంగా పోల్చుకొన్నది.

పాయింటు ముగియగానే మనవరాలిని పిలిచి చెప్పాము. "అమ్మా, ఆ పిల్లను ఇక ఆడనివ్వకు. కారులో పెట్టి తీరాలి."

మనవరాలు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆమెను తీసివేస్తే మిగిలేది ఎనిమిదిమంది, మార్చుకోవడానికి ఒక్కరే. గాలి వాటున దూరం విసరగల పిల్ల మరొకరు లేరు. పెద్దలు చెప్పారని వెంటనే తల ఊపలేదు. ఆ పిల్ల ఎదుట మోకాళ్ళ మీద కూర్చొని, వంద నుండి ఏడేసి తగ్గిస్తూ లెక్క చెప్పమన్నది. తొంభై మూడు దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. "అమ్మమ్మా, నువ్వు దీన్ని తీసుకెళ్ళు," అని చెప్పి మైదానంలోకి పరుగెత్తింది.

కారులో హీటరు వేసి, తడి బట్టలన్నీ తీసివేసి, పొడి దుప్పట్లు చుట్టాము. ముందు రొమ్ము, పొట్ట, మెడ వెచ్చబరచాలి. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. తెలివి బాగా ఉండి మింగగలిగితేనే వెచ్చని తియ్యని పానీయం కొంచెం కొంచెంగా పట్టాలి. పోటీల తరఫు వైద్య సహాయకురాలు వచ్చి చూసి, చేసినది సరిగానే ఉన్నదని చెప్పి మాతోనే కూర్చున్నది. ఇరవై నిముషాలకు ఆ పిల్ల మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు చూసి మాకు కన్నీళ్ళు వచ్చాయి. ఇంతలో ఎవరో కారు అద్దం తట్టారు. ఎదుటి జట్టు పిల్ల. తమ స్లీపింగ్ బ్యాగు ఇచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా పరుగెత్తి పోయింది.

మాలో రెండవవారు గీత పక్కన నిలబడి ఆట చూస్తున్నారు. అయిదుకు అయిదు. సమయం అయిపోయింది గనుక తరువాతి పాయింటు ఎవరిదైతే ఆట వారిది. గాలి వాటు మనవారిది. ఎనిమిదిమందిలో ఏడుగురు మైదానంలో, ఎనిమిదవ పిల్ల ఒక్కతే గీత పక్కన అరుస్తూ ఉన్నది. నాలుగైదు చేతులు మారిన తరువాత పళ్ళెం మూలకు పోయింది. మనవరాలు బురదలో పది అడుగులు జారుతూ వెళ్ళి అట్టు పట్టు పట్టింది. మేము చేతులెత్తి కేక వేశాము.

అప్పుడు ఎదుటి పిల్ల చెయ్యెత్తి, కాలు బయట పడిందని చెప్పింది. సున్నపు గీత పొద్దుటి వానకే కరిగిపోయింది. మూలన పెట్టిన నారింజ రంగు ప్లాస్టిక్కు గుర్తు ఒక్కటే మిగిలింది. జారిన గాడి మీదుగా నీరు పారుతున్నది. "లోపలే ఉన్నది," అని మనవరాలు. "బయట ఉన్నదని చూశాను," అని ఆ పిల్ల. మిగిలినవారిలో బాగా చూసినవారెవరూ లేరు. ఇద్దరూ చేతులు చంకలలో దాచుకొని, వంగి, తక్కువ స్వరంతో మాట్లాడుకొన్నారు. మహా అయితే నిముషం. ఆ నిముషంలో ఎవరూ గొంతు పెంచలేదు. తరువాత మనవరాలే పళ్ళాన్ని తీసుకువెళ్ళి విసిరిన పిల్ల చేతిలో పెట్టింది.

రెండవసారి విసిరినది గాలికి లేచి అందరి తలల మీదుగా వెనుక గీత దాటి పోయింది. ఇక ఎదుటివారు ఎదురుగాలిలో మొదలుపెట్టారు. చిన్న చిన్నగా, ఇరవై సార్లకు పైగా చేతులు మారి ఉంటుంది. రెండుసార్లు పళ్ళెం నేలకు బెత్తెడు ఎత్తులో అందుకొన్నారు. మనవారు కాళ్ళీడ్చుకొంటూ అడ్డుపడ్డారు గాని మార్చడానికి మనుషులు లేరు. పాయింటు ఎదుటివారిదైంది.

ఆట కాగానే రెండు జట్లవారు ఒకరి ప్రక్కన ఒకరు కలగలసి, భుజాల మీద చేతులు వేసుకొని వానలో వలయంగా నిలబడ్డారు. అభ్యంతరం చెప్పిన పిల్ల ముందుగా అడిగిన మాట, కారులో ఉన్న పిల్ల ఎలా ఉన్నదని.

తిరుగు ప్రయాణంలో మనవరాలు వెనుక సీటులో పాదాలు మా ఒడిలో పెట్టుకొని పడుకొన్నది. అవి ఐసు గడ్డలు. చాలాసేపటికి అడిగాము.

"నీ కాలు లోపలే ఉన్నదా, తల్లీ?"

"లోపలే ఉంది, అమ్మమ్మా."

"మరి ఆ పిల్ల అబద్ధమాడిందా?"

"లేదు. తనకి అలా కనపడింది."

"నీకెలా తెలుసు?"

"అబద్ధమైతే నా కళ్ళలోకి చూసి చెప్పేది కాదు, తాతయ్యా. నేనూ చూసి చెప్పాను. ఇద్దరిలో ఒకరు తప్పు. ఎవరో ఎవరికీ తెలీదు." కొంచెం ఆగి, "నేనే రైటు అనుకో," అన్నది. అల్లుడు గారు నవ్వారు. ఆమె నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కోటు ముఖం మీదికి లాక్కొన్నది. ఏడ్చిందేమో, అడగలేదు. చలి కోటులో మేము ఏడిస్తే మాకు మాత్రం ఎవరు చెప్పగలరు?

ఆదివారం కూడా ఆటలున్నాయి. ఆరాధన వేళకు ఆటలేమిటని శుక్రవారమే మేము కొంచెం గొణిగాము. పోటీలు రెండు రోజులలో ముగించాలి, పిల్లలు సోమవారం క్లాసుకు పోవాలి గనుక అలా పెట్టారని అమ్మాయి సర్దిచెప్పింది. మా మనసుకు అది పూర్తిగా సమాధానం కాలేదు. తీరా తెల్లవారుజామున అయిదున్నరకు మనవరాలి ఫోను మోగింది. రాత్రంతా మంచు పడి మైదానాలు పాడయ్యాయి గనుక ఆదివారం ఆటలు రద్దు. శనివారం ఫలితాల ప్రకారమే జట్లు ఎంపిక అవుతాయి. అంటే ఆమె నాలుగేళ్ళ కాలేజీ ఆట ఆ మూల దగ్గర, ఆ కరిగిపోయిన గీత దగ్గర ముగిసింది.

కారులో పడుకొన్న పిల్ల ఏడింటికి మెసేజీ పంపింది. తనకు బాగున్నదని, స్లీపింగ్ బ్యాగు ఎదుటి జట్టువారికి ఎలా పంపాలో చెప్పమని. అల్లుడు గారు టపాలో పంపుతానన్నారు.

తొమ్మిదింటికి మనవరాలు స్నానం చేసి, తల ఆరబెట్టుకొని, మాతో చర్చికి వచ్చింది. మోచేతుల మీద చెక్కుకుపోయిన గాట్లు, గోళ్ళ క్రింద ఎంత కడిగినా పోని నల్లరేగడి. పాటల పుస్తకం పేజీ తిప్పడానికి వేళ్ళు వంగలేదు. మేమే తిప్పి పట్టుకొన్నాము. ప్రసంగం మొదలైన అయిదు నిముషాలకు మా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. వెనుక వరుసలో ఒక పెద్దామె చూసి చిరునవ్వు నవ్వింది. మేము లేపలేదు.